రెండు షిఫ్టుల నడుమ

తిరుపతి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి లావణ్యకు,
నాన్న ఆశీస్సులు.

నువ్వు చిత్తూరులో డయాలసిస్ టెక్నీషియన్‌గా చేరి వారమైంది. ఫోనులో నేను "జాగ్రత్త తల్లీ" అంటాను, నువ్వు "సరే నాన్నా" అంటావు. ఆ మాట వెనక ఇన్నాళ్లూ నేను నీకు చెప్పనిది ఒకటి ఉంది. అది ఫోనులో చెప్పేది కాదు.

నాకు హెపటైటిస్ సీ, అదే రక్తం ద్వారా అంటే కాలేయ జబ్బు, వచ్చి తగ్గిన సంగతి నీకు తెలుసు. అది ఎక్కడ అంటిందో రుజువు చూపలేను. అయితే నేను డయాలసిస్ చేయించుకునే చోట ఒక ఉదయం మాత్రం కళ్లకు కట్టినట్టుంది. మొదటి షిఫ్టు ఆలస్యమైంది. పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లు వరండాలో నిలబడి ఉన్నారు. పక్క మంచం ఆయనకు సూదులు తీసి, రక్తం ఆగేదాకా దూది అదిమి పట్టుకున్నాడు ఒక కుర్రవాడు. అంతలో నా యంత్రం మోగింది. అవే గ్లవ్స్‌తో వచ్చి బటన్ నొక్కాడు, నా ట్యూబు సరిచేశాడు. చూశాను. పాపం, ఒక్కడే ఇన్ని యంత్రాలు చూసుకుంటున్నాడని నోరు విప్పలేదు. ఆరు నెలలకోసారి చేసే పరీక్షలో ఆ తర్వాత నాకు పాజిటివ్ వచ్చింది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాడమ్మా. రోజూ నా బాగోగులు అడిగేవాడు. అందుకే నీ గురించి నాకు ఇంత భయం.

ఈ వైరస్ కంటికి కనబడని రక్తపు మరకలో కూడా రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి బతికి ఉంటుంది. బటన్, బీపీ పట్టీ, మంచం అంచు, కత్తెర, ఏదైనా కావచ్చు. మనిషి లేచి వెళ్లిన తర్వాతే మంచాన్నీ యంత్రాన్నీ క్రిములను చంపే ద్రావణంతో తుడవాలి. అతను ఇంకా పడుకుని ఉండగా తుడిచినది లెక్కలోకి రాదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను మంచాలకు దూరంగా, శుభ్రమైన చోట ఎవరిది వారికి సిరంజిలో నింపుకో. సీసాను మంచం మంచానికీ తిప్పకు. ఒకరి దగ్గరికి తెచ్చిన మందు మిగిలితే మరొకరికి వాడకు. గ్లవ్స్ మార్చిన ప్రతిసారీ చేతులు కూడా శుభ్రం చేసుకోవాలి. గ్లవ్స్ ఉన్నాయి కదా అని చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

ఇంకొకటి. "సీ పాజిటివ్" అని రాసిన మంచం దగ్గర అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు, పక్క మంచం దగ్గరికి రాగానే చేతులు వదులవుతాయి. వైరస్ సోకాక, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీని వెతికే పరీక్షలో బయటపడటానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. అన్నాళ్లూ ఆ మనిషి నెగెటివ్‌గానే కనిపిస్తాడు. హెపటైటిస్ బీ ఉన్నవారికి వేరే గది, వేరే యంత్రం తప్పనిసరి. సీ విషయంలో నిపుణుల మార్గదర్శకాలు గదిని వేరు చేయమని అడగవు, ప్రతి మంచం దగ్గరా ఒకే శుభ్రత అడుగుతాయి. దీనికి టీకా కూడా లేదు కదా తల్లీ.

పాజిటివ్ అని తెలిసిన రోజు మీ అమ్మ నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. తిండి వల్ల, తాకడం వల్ల ఇది అంటదని డాక్టరుగారు చెప్పాక వాటిని మళ్లీ కలిపేసి, వంటింట్లో ఒంటరిగా ఏడ్చింది. నీ దగ్గరికి వచ్చే పాజిటివ్ రోగి ఇంట్లో కూడా అలాంటి కంచం ఒకటి ఉండి ఉండవచ్చు. అతనితో దూరంగా నిలబడి మాట్లాడకు.

2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడు మందులు ఉచితంగా ఇస్తున్నారు. పన్నెండు వారాలు మాత్రలు వేసుకున్నాను, వైరస్ పోయింది. యాంటీబాడీ మాత్రం పాజిటివ్‌గానే మిగిలింది. నా ఫైలు చూసి కొత్త నర్సులు వెనక్కి తగ్గుతుంటారు. నువ్వు రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ కాగితం చూడు. ఒకసారి నయమైనా మళ్లీ సోకవచ్చు, కాబట్టి నా బోటివాళ్ల దగ్గర కూడా జాగ్రత్త తగ్గించకు.

ఇప్పుడు నేను నోరు విప్పుతున్నాను. "గ్లవ్స్ మార్చమ్మా" అని అడుగుతాను. కొందరు మొహం ముడుచుకుంటారు. నిన్ను ఎవరైనా అలా అడిగితే వెంటనే మార్చు తల్లీ. ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఏళ్లు పట్టింది.

అమ్మ నీకు గోంగూర పచ్చడి పంపుతోంది. జవాబులో రెండు విషయాలు తప్పకుండా రాయి. నీ ఒక్కదానికి ఎన్ని యంత్రాలు అప్పగించారు? రెండు షిఫ్టుల నడుమ ఎన్ని నిమిషాలు ఇస్తున్నారు?

నీ
నాన్న