కథల పుస్తకాల బీరువా తాళం తీయాలి

సంపాదకులకు,

నగరంలోని చాలా ప్రాథమిక పాఠశాలల్లో కథల పుస్తకాలున్నాయి. చిరిగితే లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయంతో బీరువాల్లోనే ఉండిపోతున్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల్లో పునాది వేసే ‘తొలిమెట్టు’ కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి చదవడం, రాయడం మీద ఇంత పట్టుదల చూపుతున్న విద్యాశాఖ, 1, 2, 3 తరగతులకు రోజూ ఒక పీరియడ్ ఈ పుస్తకాలకే ఇవ్వాలి.

వారానికి ఒక్క పుస్తకం చాలు. 12 నుంచి 16 పేజీలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాట ఉండాలి. మొదటి రోజు టీచరు పదాల కింద వేలు పెట్టి చదువుతూ, మధ్యలో ఆగి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగాలి. రెండో రోజు ఆ మళ్లీ వచ్చే మాటను పిల్లలే అందుకుంటారు. చిక్కంతా ఇక్కడే. కంఠతా వచ్చినదాన్ని చూసి చదవడం వచ్చేసిందనుకుంటాం. అందుకే మూడో రోజు కథలోని మూడు వాక్యాలను చార్టు పట్టీల మీద రాసి, పదాలుగా కత్తిరించి, కలిపేసి పేర్చమనాలి. విడిగా చూపిన పదాన్ని గుర్తుపట్టకపోతే ఆ పిల్లవాడు ఇంకా ఒప్పజెబుతున్నాడనే అర్థం. గుణింతం, ఒత్తులు ఆ పదాలతోనే నేర్పాలి. ద్విత్వాలు ముందు, సంయుక్తాలు తరవాత. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరాల పోలిక ఉండదు కాబట్టి వాటికి ఎక్కువ సమయం పడుతుంది.

నాలుగో రోజు బొమ్మ గీసి, కింద సొంతంగా ఒక వాక్యం రాయించాలి. బోర్డు చూసి దించుకుంటే చేతిరాత కుదురుతుందే తప్ప రాయడం రాదు. ‘పోయిండు’ అని రాస్తే ఎర్రసిరా పెట్టొద్దు, అది ఇంటి భాష. పుస్తకంలో ఎలా ఉందో పక్కన చూపితే చాలు. ఇంట్లో ఉర్దూ, లంబాడీ, మరాఠీ మాట్లాడే పిల్లలను ముందు బొమ్మల గురించి వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వాలి. ‘నీతి ఏమిటి?’ అన్న ప్రశ్న మాత్రం దయచేసి వదిలేయండి. అది అలవాటైతే పిల్లలు కథ వినడం మాని జవాబు వెతుకుతారు.

నగరవాసులు ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయం దగ్గర్లోని బడికి 40 పుస్తకాల పెట్టె పంపి, నెలనెలా మార్చవచ్చు. చిరిగిన పుస్తకాలకు టీచర్ల నుంచి గానీ పిల్లల నుంచి గానీ డబ్బు వసూలు చేయకూడదని విద్యాశాఖ ఇచ్చే ఉత్తర్వులో స్పష్టంగా రాయాలి.

– కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, హైదరాబాద్