కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: కానుకల దుకాణాల్లో నిరాదరణపై వినియోగదారుల ఉపసంఘం చేసిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

పారిశుద్ధ్యం, మంచినీరు, వీధిదీపాల పనుల వివరాలనూ జమాఖర్చుల పట్టికనూ మీకు విడిగా అందజేశాము. ఈ నివేదిక వినియోగదారుల ఉపసంఘం చేపట్టిన ఒకే అంశానికి పరిమితం. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఖరీదైన కానుకలు, హ్యాండ్‌బ్యాగులు, అలంకరణ సామగ్రి అమ్మే దుకాణాల్లో మనవాళ్లకు ఎదురవుతున్న నిరాదరణపై గత సర్వసభ్య సమావేశంలో మొదలైన చర్చ, భోజనాలు చల్లారిపోయేదాకా సాగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మీరు అప్పగించిన పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడ మనవి చేస్తున్నాను.

సభ్యుల అనుభవాలన్నీ రాతపూర్వకంగా తీసుకోవాలని నిర్ణయించాము కనుక, కార్యదర్శిగా నాదీ రాసి ఇచ్చాను. మేనకోడలి పెళ్లికి వెండిపూత దీపపు కుందులు కొందామని నేనూ నా భార్యా అలాంటి ఒక దుకాణానికి వెళ్లాము. తలుపు దగ్గరి మనిషి ముందు మా చెప్పులను, తర్వాత మమ్మల్ని చూశాడు. మేము ధర అడగకముందే లోపలి అబ్బాయి 'ఇవి ఎనిమిది వేల నుంచి మొదలవుతాయండీ' అన్నాడు. ఆ 'అండీ'లో ఉన్న మర్యాద మాటలో లేదు. మరో అమ్మాయి రెండడుగుల దూరంలో మా వెంటే తిరుగుతూ, మేము ముట్టుకుని పెట్టిన ప్రతి వస్తువునూ మళ్లీ సర్దుతూ ఉంది. అయినా కొన్నాము. పెళ్లయిన పది రోజులకు మేనకోడలు ఫోన్ చేసి, చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి 'మామయ్యా, ఒక కుంది సరిగ్గా నిలబడటం లేదు, నూనె ఒక పక్కకే కారుతోంది' అని చెప్పింది. వెళ్లి చూస్తే అడుగు పళ్లెం కాడకు వంకరగా అతికి ఉంది. దుకాణానికి తీసుకువెళితే, ప్యాకింగ్ విప్పేశారు కాబట్టి తీసుకోబోమన్నారు. బిల్లు వెనక 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న ముద్ర చూపించారు. పైగా వచ్చినది కొన్నవారా, కానుకగా పుచ్చుకున్నవారా అని ఆరా తీశారు.

ఉపసంఘం ఎక్కువ సమయం వెచ్చించింది ఈ చివరి ప్రశ్న మీదే. కానుకలో లోపం బయటపడేది పుచ్చుకున్నవారి ఇంట్లో. బిల్లు ఉండేది ఇచ్చినవారి బీరువాలో. పుచ్చుకున్నవారికి చెప్పడానికి మొహమాటం, ఇచ్చినవారికి వెనక్కి తీసుకువెళ్లడానికి నామోషీ. చీరల దుకాణానికీ మిక్సీల దుకాణానికీ లేని ఈ వెసులుబాటు కానుకల దుకాణానికి ఉంది కనుకనే అక్కడ నిర్లక్ష్యం ఇంత కాలం చెల్లుబాటైందని మా అభిప్రాయం.

చట్టంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, డబ్బు చెల్లించి కొన్నవారినే కాక, వారి సమ్మతితో ఆ వస్తువును వాడుకునేవారిని కూడా వినియోగదారులుగానే గుర్తిస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడమూ అందులోకే వస్తుంది. అయితే రంగు నచ్చలేదనో, అలాంటిదే ఇంట్లో ఇంకొకటి ఉందనో మార్చమని అడిగితే ఈ నిబంధన పనికిరాదు, అది దుకాణం వారి దయ. వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే కావడంతో వాటిని పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ సభ్యులు నొచ్చుకున్నారని తెలుసు.

కుందుల విషయంలో సంఘం తరఫున రాసిన ఉత్తరానికి దుకాణం నుంచి జవాబు రాలేదు. ఆ తర్వాత 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, బిల్లు, ఫొటోలు జతచేసి ఫిర్యాదు నమోదు చేయించాము. అప్పుడు దుకాణం వారే ఫోన్ చేసి కుంది మార్చి ఇచ్చారు. అక్కడితో తేలకపోయి ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాళ్లం: చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్లలోపు మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. జాతీయ వినియోగదారుల దినమైన డిసెంబరు 24న కమ్యూనిటీ హాలులో ఈ వివరాలన్నీ చెప్పాము. వచ్చినవారు తక్కువే, ఆ సాయంత్రం హాలు పక్కనే ఒక సీమంతం కూడా ఉంది.

బిల్లు వేసే ముందు ఫోన్ నంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడం గురించి కూడా చాలామంది రాశారు. నంబరు ఇవ్వలేదన్న కారణంతో అమ్మకం నిరాకరించవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు సూచించింది కాబట్టి, ఇవ్వనని చెప్పడానికి సంకోచించనవసరం లేదు.

ఇక చెప్పులు చూసే ఆ చూపుకు ఏ సెక్షనూ లేదు. దీనిపై మేము కొన్ని దుకాణాలకు ఉత్తరాలు రాస్తే ఒక మేనేజరు మాత్రం స్వయంగా వచ్చి కూర్చుని మాట్లాడారు. పొద్దున తెరిచిన దగ్గర్నుంచి రాత్రి మూసేదాకా తమ పిల్లలు నిలబడే ఉంటారని, ఏదైనా వస్తువు పోతే దాని ఖరీదు వారి జీతంలోంచే కోస్తారని, అందుకే వెంట తిరుగుతారని ఆయన దాచకుండా చెప్పారు. అమ్మేవారు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మా మీద గద్ద చూపు వేసిన అమ్మాయి కాళ్లు ఎంత లాగుతుండేవో నాకు అప్పటిదాకా తట్టలేదు. అలాగని 'ఎనిమిది వేల నుంచి' అన్న మాటను మన్నించానని కాదు. లాడ్ బజారులో లక్క గాజులు అమ్మేవారు కూడా రోజంతా పనిలోనే ఉంటారు; మణికట్టు చూసి రెండు-నాలుగా, రెండు-ఆరా చెప్పి, పది జతలు పరిచి, ఏదీ కొనకపోయినా మళ్లీ రమ్మంటారు.

వచ్చే ఏడాదికి ఉపసంఘం ఒక్క అభ్యర్థన చేస్తోంది. ఖరీదైన కానుక కొన్నప్పుడు ప్యాకింగ్‌కు ముందే విప్పి చూసి, బల్ల మీద నిలబెట్టి, బిల్లు ఫొటో తీసి ఉంచుకోండి. పుచ్చుకున్నవారు అడిగితే ఇవ్వడానికి ఆ ఫొటో పనికొస్తుంది. ధర కనపడకూడదనుకుంటే అంకెల మీద వేలు పెట్టి తీసినది వేరే ఉంచుకోవచ్చు, మా మేనకోడలికి నేను పంపింది అదే.

ఇట్లు,
కార్యదర్శి