బుజ్జి జర్మనీ చదువు గురించి బాబాయికి

బ్రౌన్‌ష్వైగ్,
నవంబరు, ఆదివారం

బాబాయ్,

నమస్కారం. నేనిక్కడ బాగున్నాను. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. ఈసారి మిర్చికి తెగులు రాలేదట కదా, రేటు కూడా నిలబడితే అంతకన్నా కావలసిందేముంది.

ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాం, పైగా పక్కన ఎవరో ఒకరు మాట కలుపుతారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కన్సల్టెన్సీ అతను ఇక్కడి ప్రైవేటు కాలేజీలో ఇప్పిస్తానన్న మాస్టర్స్ సీటు గురించి బుజ్జి పంపిన ఆఫర్ లెటరు, ఫీజుల కాగితం రెండూ చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ సీటుకి డబ్బు కట్టొద్దు, అర ఎకరం బేరం పెట్టొద్దు. పిల్లను తప్పకుండా పంపు. అయితే మార్చిలో ఆ ప్రైవేటు దానికి పంపే బదులు అక్టోబరులో ప్రభుత్వ యూనివర్సిటీకి పంపు.

ఆ కాగితంలో ఫీజు ఏడాదికి 12,000 యూరోలు అని ఉంది. యూరో వంద రూపాయల చుట్టూ తిరుగుతోంది కాబట్టి రెండేళ్లకి ఇరవై నాలుగు లక్షలు. ఇందులో తిండి లేదు, అద్దె లేదు. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజన్నదే లేదు. సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని ఆరు నెలలకోసారి వంద నుంచి మూడు, నాలుగు వందల యూరోల దాకా కట్టించుకుంటారు. చాలాచోట్ల బస్సు, ట్రామ్ పాసు కూడా అందులోనే వచ్చేస్తుంది. మాగ్డెబర్గ్‌లో చదివినన్నాళ్లూ నేను యూనివర్సిటీకి కట్టింది అదే.

అలాగని యూట్యూబ్‌లో చెప్పినట్టు జర్మనీ అంతా ఉచితం కూడా కాదు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటిదేశాల వాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటున్నారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అయితే 2024 చలికాలం నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 దాకా పెట్టింది. ఇలాంటివి చూసుకుని దరఖాస్తు పెట్టాలి, అంతే.

మరి ఆ కన్సల్టెన్సీ అతను ప్రభుత్వ యూనివర్సిటీల ఊసే ఎందుకు ఎత్తలేదంటావా? "ప్రాసెసింగ్ ఫ్రీ" అన్నాడు కదా, ఆ ఫ్రీ ఎక్కణ్ణుంచి వస్తుందో ఆలోచించు. చేర్పించిన ఒక్కో విద్యార్థికీ ఇంత అని ప్రైవేటు కాలేజీలు ఏజెంట్లకి కమిషన్ ఇస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీలు పైసా ఇవ్వవు. అతన్ని తిట్టి లాభం లేదు, అతని వ్యాపారం అది. కన్వీనర్ కోటాలో సీటొచ్చే ర్యాంకున్న పిల్లని మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించినట్టుంది ఈ బేరం.

ఆ ర్యాంకు బుజ్జికి ఉందా అని నీకు అనుమానం. ఉంది. ఇక్కడ మార్కులు తలకిందులు, 1.0 అంటే ఫస్టు, 4.0 అంటే పాసు. మన మార్కుల్ని ఇక్కడి లెక్కలోకి మార్చడానికి ఒక సూత్రం వాడతారు. గరిష్ఠంలోంచి మనకి వచ్చింది తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాసు మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చవేసి, ఒకటి కలుపుతారు. బుజ్జి సీజీపీఏ 8.1. పదికి పాసు ఐదు అనుకుంటే 2.1 దాకా వస్తుంది. ఇలాంటి ఇంజనీరింగ్ కోర్సుల్లో చాలావాటికి 2.5 గీత. పాసు మార్కు నాలుగా ఐదా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కాబట్టి గ్రేడింగ్ స్కేలు స్పష్టంగా ఉన్న ట్రాన్స్‌క్రిప్టు యూనివర్సిటీ నుంచి తెప్పించుకోమను. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) ఎలాగూ తెస్తుంది, అదే చేత్తో ఇదీ.

అసలు నాకు బాధ కలిగించింది ఫీజు కన్నా కోర్సు. ఆఫర్ లెటర్లో డేటా సైన్స్ అని ఉంది. బుజ్జి చదివింది ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్. ఫైనల్ ఇయర్లో కల్లంలో మిర్చి ఆరబోసినప్పుడు చినుకు పడితే మోగే అలారం చేసిందే, అది చేసేటప్పుడు నాకు రాత్రి ఫోన్లు చేసి సెన్సర్ల గురించి ఒకటే ప్రశ్నలు. ఆ పిల్లకి ఇష్టం ఎంబెడెడ్, అంటే పరికరాల్లో ఇమిడిపోయే చిన్న కంప్యూటర్ల చదువు. డేటా సైన్స్ ఎందుకు పెట్టావంటే "సీటు ఈజీగా వస్తుందన్నారక్కా" అంది. ప్రైవేటు వాళ్లు ఏ బ్రాంచి వాళ్లకైనా ఏదైనా ఇస్తారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో అలా కుదరదు. బీటెక్‌లో లెక్కలు ఇన్ని క్రెడిట్లు, సర్క్యూట్లు ఇన్ని, ప్రోగ్రామింగ్ ఇన్ని అని సిలబస్ తీసి ఒక్కో సబ్జెక్టూ సరిచూస్తారు. సరిపోకపోతే సీజీపీఏ తొమ్మిదున్నా వెనక్కి పంపేస్తారు. ఈసీఈ చదివి కంప్యూటర్ సైన్స్‌కి పెట్టి రిజెక్ట్ అయినవాళ్లు నాకు బాగా తెలుసు. అదే ఎంబెడెడ్‌కి పెడితే బుజ్జి సిలబస్ నూటికి ఎనభై పాళ్లు అతుకుతుంది. ఖెమ్నిట్స్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ ఉంది, కైజర్స్‌లౌటర్న్‌లో ఉంది, మా మాగ్డెబర్గ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఇంగ్లీషులోనే ఉంది. విదేశీ విద్యార్థుల కోసం పనిచేసే జర్మన్ సంస్థ డాడ్ (DAAD) వాళ్ల వెబ్‌సైట్లో వెతికితే ఇంకా దొరుకుతాయి. ప్రతి కోర్సుకీ ఏ సబ్జెక్టులో ఏముంటుందో చెప్పే మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అని పెడతారు. అది చదవకుండా ఒక్కదానికి కూడా అప్లై చెయ్యొద్దని చెప్పు. ర్యాంకింగులు చూసి మురిసిపోవడం కన్నా ఈ పని వెయ్యి రెట్లు నయం.

ప్రైవేటన్నీ దండగ అనడం లేదు. బిజినెస్ చదువులకి డబ్ల్యూహెచ్‌యూ, ఫ్రాంక్‌ఫర్ట్ స్కూల్ లాంటివాటికి ఇక్కడ మంచి పేరుంది. ఇంజనీరింగ్ పిల్లకి, అందులోనూ ఇరవై నాలుగు లక్షలకి, నాకైతే సమంజసంగా లేదు. ఎవరైనా ప్రైవేటు పేరు చెప్తే ముందు అనాబిన్ అనే సైట్లో చూడమను. అక్కడ హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. ఇది కూడా కనీసమే సుమా, గుర్తింపు ఉన్నంత మాత్రాన చదువు బాగుంటుందని కాదు.

ఇక నువ్వు అడిగిన పన్నెండు లక్షల సంగతి. అది ఫీజు కాదు బాబాయ్, ప్రభుత్వానికి పోయేదీ కాదు. బ్లాక్డ్ అకౌంట్ అంటారు. ఇప్పుడు ఏడాదికి 11,904 యూరోలు బుజ్జి పేరు మీదే వెయ్యాలి. ఇక్కడికి వచ్చాక నెలకి 992 చొప్పున బుజ్జికే తిరిగి వస్తుంది, ఆ డబ్బుతోనే బతకాలి. హెల్త్ ఇన్సూరెన్స్‌కి నూట నలభై చుట్టూ పోతుంది. మాగ్డెబర్గ్ లాంటి తూర్పు ఊళ్లలో స్టూడెంట్ హాస్టల్ గది మూడొందల చుట్టూ దొరుకుతుంది, వండుకుంటే మిగులుతుంది కూడా. మ్యూనిక్‌లో అయితే అద్దెకే సగానికి పైగా పోతుంది. ప్రైవేటు సీటైనా ఈ డబ్బు తప్పదు, కాబట్టి కన్సల్టెన్సీ అతని ఇరవై నాలుగుకి దీన్ని కలిపి చూడు. దీనికి విద్యా రుణం ఇస్తారు. పొలం కాగితాలు బ్యాంకులు ఇలాంటి లోనుకి సాధారణంగా తీసుకోవు, ఇంటి కాగితాలు అడుగుతారు. నాన్నతో మాట్లాడాను, అవసరమైతే మా ఇంటివి పెడదామన్నాడు. నువ్వు మొహమాటపడకు.

పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టేస్తుందని కన్సల్టెన్సీ అతను చెప్పిన మాట మాత్రం నమ్మొద్దు. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులే విద్యార్థులు పనిచెయ్యాలి, అదే చట్టం. చేతిఖర్చుకి, కొంత అద్దెకి వస్తుంది. ఏడాదికి పన్నెండు వేల యూరోలు మిగల్చాలంటే చదువు మానుకోవాలి.

ఉద్యోగాల సంగతి కూడా దాచను. చదువయ్యాక పద్దెనిమిది నెలలు ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇస్తారు. అయితే కార్ల కంపెనీలు ఇప్పుడు మందకొడిగా ఉన్నాయి. మా ఊరి పక్కనే ఉన్న ఫోక్స్‌వాగన్ 2030 లోపు 35,000 ఉద్యోగాలు తగ్గిస్తామని 2024 డిసెంబరులో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. దీనివల్ల సరఫరా కంపెనీల్లోనూ కొత్తవాళ్లని తీసుకోవడం తగ్గింది. జర్మన్ భాష రాకపోతే ఇంకా కష్టం. పాతిక లక్షల అప్పు నెత్తిన ఉన్నవాళ్లు ఈ పద్దెనిమిది నెలల్లో పడే టెన్షన్ నేను దగ్గరగా చూస్తున్నాను. ఏ పని దొరికితే అందులో చేరిపోతున్నారు. అప్పు తక్కువుంటే కాస్త నిలదొక్కుకుని తన పని తాను వెతుక్కోగలుగుతుంది.

అక్టోబరు దాకా ఖాళీగా కూర్చోదు, పని చాలా ఉంది. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు నిజమైనవేనని ఇచ్చే ధ్రువీకరణ. 2022 నవంబరు నుంచి మనవాళ్లకి ఇది తప్పనిసరి, అది లేకుండా వీసా లేదు. 18,000 రూపాయలు కట్టి ఢిల్లీకి కాగితాలు పంపాలి, ఎప్పుడు వస్తుందో మన చేతుల్లో లేదు, కాబట్టి ఈ నెలలోనే పంపించెయ్. పిన్ని చిలుకూరు వెళ్దామంటోందట, తప్పకుండా వెళ్లండి, ఏపీఎస్ కొరియర్ వేసి వెళ్లండి. ఐఈఎల్‌టీఎస్ జనవరిలోపు రాసెయ్యాలి. చాలా యూనివర్సిటీలు యూనీ-అసిస్ట్ అనే ఉమ్మడి దరఖాస్తుల సంస్థ ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. మొదటిదానికి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. ఆరు చోట్ల పెట్టినా 225 అవుతుంది. జులై 15 ఆఖరి తేదీ అని అందరూ అంటారు, మనలాంటి వాళ్లకి మాస్టర్స్‌లో చాలాచోట్ల మార్చి, మే నెలల్లోనే మూసేస్తారు. మిగిలిన టైములో జర్మన్ నేర్చుకోమను. హైదరాబాదు గోథే సెంటర్‌కి వెళ్లినా సరే, ఆన్‌లైన్‌లో అయినా సరే, ఏ2 (రెండో మెట్టు) దాకా వస్తే ఇక్కడ దిగిన రోజు నుంచే పనికొస్తుంది.

పిన్ని భయం నాకు అర్థమైంది. పిల్ల ఇంట్లో ఉంటే "ఇంకా వెళ్లలేదా, వీసా రాలేదా" అని వీధంతా అడుగుతారు, ఎవరో సంబంధం కూడా పట్టుకొస్తారు. అడిగితే అక్టోబరులో వెళ్తోందని చెప్పమను. ఆ ఆరు నెలల మాటలు పడలేక ఇరవై నాలుగు లక్షలు కట్టడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

శనివారం మన టైము రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేస్తాను. బుజ్జి సిలబస్ కాపీ, మార్కుల మెమోలు అన్నీ స్కాన్ చేసి ముందే పంపాలి, ఎక్కడెక్కడ పెట్టాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుంటాం. ఆ కన్సల్టెన్సీ అతను ఈ వారంలోగా లక్ష అడ్వాన్స్ కట్టకపోతే సీటు పోతుందని మళ్లీ ఫోన్ చేస్తాడు. పోతే పోనీ అని చెప్పెయ్. బుజ్జి ఒరిజినల్ సర్టిఫికెట్లు అతని దగ్గర ఉంటే మాత్రం రేపే వెళ్లి తెచ్చేసుకో.

పిన్నికి నమస్కారాలు, నానమ్మకి ముద్దులు.

ఇట్లు,
నీ అమ్మడు