నేలను కొలిచి గోడలకు రంగు కొంటున్నాం

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గరపడేసరికి మా కోనసీమలో ప్రతి వీధిలోనూ ఒకటి రెండు ఇళ్లకైనా రంగులు పడుతుంటాయి. ఎంత రంగు కావాలో తేల్చడానికి గోడలు కొలవకుండా, గది నేల వైశాల్యాన్ని మూడున్నరతో హెచ్చించి, వచ్చినదాన్నే గోడలూ శ్లాబు అడుగుభాగమూ కలిపిన వైశాల్యంగా తీసుకునే అలవాటు మేస్త్రీల్లోనూ, వారి మాట మీద డబ్బు కట్టే మనలోనూ బాగా పాతుకుపోయింది.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో నిరుడు మా ఇంట్లోనే చూశాను. మా హాలు పొడవు 20 అడుగులు, వెడల్పు 18, ఎత్తు 10. మూడున్నర లెక్కన 1,260 చదరపు అడుగులన్నారు. పని అయ్యాక టేపు పట్టి కొలిస్తే చుట్టుకొలత 76 అడుగులు, అంటే గోడలు 760, పైభాగం 360. అందులో మూడు గుమ్మాలకు 63, మూడు కిటికీలకు 48 తీసేస్తే మిగిలింది 1,009. పక్కనున్న 10 అడుగులకు 8 అడుగుల గదికి 280 వేశారు. కొలిస్తే, ఒక గుమ్మం, ఒక కిటికీ పోను 403 వచ్చింది. నేల పెరిగినంతగా చుట్టుకొలత పెరగదు కనుక పెద్ద గదికి రంగు మిగిలిపోతుంది, చిన్న గదికి చాలకుండా పోతుంది. ఒకదానిది ఇంకొకదానికి సర్దుదామంటే హాలు రంగు వేరు, గది రంగు వేరు.

నున్నటి గోడకు రెండు కోట్లు (పూతలు) వేస్తే లీటరు ఎమల్షన్ రంగు సుమారు 60 చదరపు అడుగులకు వస్తుందనుకుంటే, హాలులో నాలుగు లీటర్లకు పైగా మిగిలింది. మెషిన్‌లో కలిపిన రంగును దుకాణంవారు వెనక్కి తీసుకోరు. అటక మీద పెట్టిన ఆ డబ్బా వర్షాకాలం తరువాత మూత తీస్తే, పైన దళసరి పొర కట్టి దుర్వాసన కొట్టింది. గదికి చాలని రెండు లీటర్లు మళ్లీ కలిపించి తెస్తే, పాత రంగుకూ కొత్త రంగుకూ మధ్య గీత ఉదయపు ఎండలో ఈనాటికీ కనబడుతోంది.

కాలువ గట్టున ఉన్న ఇళ్లవారు ఇంకొకటి గమనించాలి. గోడ అడుగున రెండు మూడు అడుగుల మేర చెమ్మ ఎక్కి ఉప్పు పొంగిన చోట ఎన్ని కోట్లు వేసినా రంగు పెచ్చులూడిపోతుంది. ముందు అక్కడి ప్లాస్టరింగ్ బాగుచేయించి, ఆరనిచ్చి, తరువాతే ఆ భాగానికి రంగు కొనడం మంచిది.

గదిలాంటి దీర్ఘఘనం పక్కతల వైశాల్యం బడి పిల్లలు చదివేదే. ఉపాధ్యాయులు వారి చేతికి టేపు ఇచ్చి తరగతి గదినే కొలిపిస్తే బాగుంటుంది. రంగుల పని ఒప్పుకునేవారు గదివారీగా గోడల కొలతలు, తీసేసిన గుమ్మాలు, కిటికీలు, కోట్ల సంఖ్య ఒక కాగితం మీద రాసి, డబ్బాలు కొనకముందే ఇంటివారి చేతికి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబాజీపేట