కారు డిక్కీ బీరువా కాదు, నిజమే, మరి లైసెన్స్ రైఫిల్‌ను ఎక్కడ పెట్టమంటరు?

ఎడిటర్ గారికి నమస్తే.

నేను ఆర్మీల 17 ఏండ్లు చేసి వచ్చిన మనిషిని. హనుమకొండల ఇల్లు, నర్సంపేట దాటినంక పాఖాల దిక్కు కొంచెం భూమి, మిర్చి, మక్కజొన్న పెడ్త. లైసెన్స్ ఉన్న .315 రైఫిల్ ఒకటి ఉన్నది నాకు. ఈ ఉత్తరం ఆ రైఫిల్ గురించే, ఇంక కరెక్టుగ చెప్పాలంటే దాన్ని కారుల పెట్టుకొని తిరిగే తిప్పల గురించి. తుపాకి పేరెత్తంగనే మనోళ్ళు భయపడన్న భయపడ్తరు లేకపోతే ఒక్క ఫొటో దిగుతా అన్నా అనన్న అంటరు, దాన్ని రాత్రి ఎక్కడ పెడ్తవు, బండిల ఎట్ల తెస్తవు అని అడిగినోడు ఇప్పటిదాంక ఒక్కడు దొర్కలే.

పోయిన ఎండాకాలం సంగతి. నేను, మా ఇంటామె చేను కాడికెల్లి తిరిగొస్తున్నం. ఊర్ల ఇంటికి తాళం వేసినప్పుడు రైఫిల్ అక్కడ వదిలిపెట్టి రాను, ఎవ్వరు లేని ఇంట్ల ఎవరి భరోసా మీద పెట్టాలె, అందుకే వెంట తెస్త. నర్సంపేట దాటినంక ఆమెకు ఛాతీల మంట, ఒళ్ళంత చెమట. ఇగ ఇల్లు లేదు ఏం లేదు, సీదా హాస్పిటల్‌కే కొట్టిన. గేటు కాడ పార్కింగ్ పిల్లగాడు తాళం చెవి ఇయ్యి సార్ నేను పెడ్త అన్నడు, ఇచ్చేసి స్ట్రెచర్ ఎంబడి ఉరికిన. ఈసీజీ, రక్త పరీక్షలు అన్ని అయ్యి డాక్టర్ గ్యాస్ ప్రాబ్లమే అని చెప్పేసరికి దగ్గర దగ్గర మూడు గంటలు. ఆమెకు ఏం కాలే అని తెల్సినంక ఒక చాయ్ తాగుదామని లేచిన, అప్పుడు గుర్తుకొచ్చింది. రైఫిల్ డిక్కీల ఉన్నది, కారు తాళం చెవి ఆ పిల్లగాని జేబుల ఉన్నది, లైసెన్స్ బుక్కు నా జేబుల ఉన్నది, నేను మూడో అంతస్తుల ఉన్న. మెట్లు ఎట్ల దిగిన్నో నాకే తెల్వదు.

ఏం కాలే. కారు చెట్టు కింద ఉన్నది, రైఫిల్ కవర్ల ఉన్నది, బోల్ట్, అంటే తూటాను లోపలికి నెట్టి మూసే ఇనుప ముక్క, తీసి వేరే డబ్బాల పెట్టింది పెట్టినట్టే ఉన్నది, ఆ పిల్లగాడు సెల్లు చూసుకుంట కూసున్నడు. వాని తప్పు ఏం లేదు, వానికి ఏం తెల్సు డిక్కీల ఏమున్నదో. తప్పు నాదే, కాని ఆ టైముల నేను ఇంకేం చెయ్యాలె అన్నది ఇప్పటికి కూడ నాకు జవాబు దొర్కలే. ఆమెను కారుల కూసోబెట్టి ముందు రైఫిల్‌ను ఇంట్ల పెట్టి రావాల్నా?

ఆర్మీల ఈ బాధ లేదు. రైఫిల్‌కు రెండే జాగాలు, చేతులన్న ఉండాలె, కోత్‌లన్న ఉండాలె. కోత్ అంటే ఆయుధాలు పెట్టే గది, రిజిస్టర్ల సంతకం పెట్టి తీస్కుంటం, సంతకం పెట్టి అప్పజెప్తం, నంబర్ తేడా వచ్చిందంటే యూనిట్ మొత్తం ఆ రాత్రి పండుకోదు. బయటికి వచ్చినంక మనకు కోత్ లేదు, కారు డిక్కీ అయింది.

రూల్ అయితే మంచిగనే ఉన్నది. 2016ల వచ్చిన ఆయుధాల రూల్స్ ఏమంటయ్ అంటే పదిమంది తిరిగే జాగల రైఫిల్ తీస్కపోతే దానికి తగ్గ కవర్ల ఉండాలె, పూర్తిగ కప్పి ఉండాలె, ఇంక అసలు ముచ్చట ఏందంటే రైఫిల్ దాన్ని తీస్కపోయే మనిషి అదుపుల ఉండాలె. ఈ అదుపు అన్న మాట కాడనే మనోళ్ళు చానామంది బోల్తా కొడ్తరు. డిక్కీకి తాళం వేసిన కదా, అదుపుల ఉన్నట్టే కదా అనుకుంటరు. నేను మూడో అంతస్తుల ఉన్నప్పుడు కింద పార్కింగ్‌ల ఉన్న రైఫిల్ నా అదుపుల ఎట్ల ఉంటది? ఎవడన్న ఎత్తుకపోతే ఠాణాకు పోయి ఏమని చెప్పాలె? లైసెన్స్ కండిషన్ తప్పినోని లైసెన్స్ ఆపే పవరు, మొత్తానికే తీసేసే పవరు లైసెన్స్ ఇచ్చినోళ్ళకు ఉన్నది, అది సరే, పోయిన రైఫిల్ ఎవని చేతుల పడ్తదో అన్నదే అసలు భయం.

బోల్ట్ తీసేస్తే అది వట్టి ఇనుప కట్టెనే కదా అని ఒక దోస్తు అన్నడు. సేఫ్టీకి అది నిజమే, నేను కూడ బండి ఎక్కేముందు బోల్ట్ తీస్త, చాంబర్ల, అంటే తూటా కూసునే జాగల, వేలు పెట్టి చూస్త, తూటాలు వేరే తాళం డబ్బాల పెడ్త. డబుల్ బ్యారల్ పన్నెండు బోర్ ఉన్నోళ్ళకైతే ఇంక సులువు, గొట్టాలు ఒక దిక్కు, కట్టె ఒక దిక్కు ఊడదీసి చిన్న పెట్టెల పెట్టుకోవచ్చు. కాని చట్టంల అట్ల కాదు, 1959 ఆయుధాల చట్టంల తుపాకి అంటే దాని భాగాలు కూడ లెక్కకే వస్తయ్. కాబట్టి ఆ బోల్ట్ డబ్బాను తీస్కపోయి బావమరిది ఇంట్ల పెట్టుడు, డ్రైవర్ చేతికిచ్చి ఇంటికి పంపుడు అసలే వద్దు. లైసెన్స్ ఉన్న మనిషి పక్కన ఉన్నప్పుడు ఇంకొకరు పట్టుకుంటే వేరే సంగతి, లేదు రిపేర్‌కో రెన్యూవల్‌కో పంపాలంటే రాతపూర్వకంగ అథారిటీ లెటర్ ఇచ్చి పంపొచ్చు, చట్టంల 3వ సెక్షన్ల ఉన్నది ఇది. అంతేగాని నువ్వు పెండ్లిల అన్నం తింటుంటే నీ డ్రైవర్ రైఫిల్ ఉన్న కారు వేసుకొని పెట్రోల్ కొట్టిచ్చుకొస్తా అని పోవుడు కుదరది. పెండ్లి అంటే యాదికొచ్చింది, బరాత్‌ల గాల్లకు కాల్చే షోకు ఉన్నోళ్ళు 2019 సవరణ ఒకసారి చదువుకోండ్రి, రెండేండ్ల దాంక జైలు, లక్ష దాంక జుర్మానా.

మా ఉత్తర తెలంగాణోళ్ళు మర్చిపోయే ఇంకో సంగతి అడివి. ములుగు మీదికెల్లి తాడ్వాయి, ఏటూరునాగారం పోయే రోడ్డు అభయారణ్యంలకెల్లే పోతది. జన్నారం దిక్కు కవ్వాల్ పులుల అడివి. మా పాఖాల కూడ అభయారణ్యమే. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం ఆయుధంతోని అందుల అడుగు పెట్టాలంటే ముందే రాతపూర్వకంగ పర్మిషన్ ఉండాలె. నా లైసెన్స్ స్టేటంత చెల్తది కదా అంటే అది వేరే చట్టం ఇది వేరే చట్టం. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్స్‌దార్లు ఫారెస్టోళ్ళ దగ్గర పేరు రాయించుకోవాలె అని కూడ ఉన్నది, మా దిక్కు ఎంతమంది రాయించుకున్నరో మీ విలేకరిని పంపి అడిగించండ్రి. నేను కూడ ఆలస్యంగనే రాయించుకున్న, దాచుడెందుకు. అడివి పందులు మక్కచేను ఎట్ల తొక్కుతయో నాకు తెల్వదా, ఏడాదికి ఎకరంల సగం వాటికే పోతది, అయినా సెల్ఫ్ ప్రొటెక్షన్ అని తీస్కున్న లైసెన్స్‌తోని పందిని కొడ్తే కేసే. రాత్రిపూట ఆ రోడ్డు మీద డిక్కీల రైఫిల్‌తోని దొరికితే వేటకు పోతలేను అని ఎన్నిసార్లు చెప్పినా ఎవ్వరు నమ్మరు, అందుకే మేడారం జాతరకు పోయినా, గోదావరి స్నానానికి పోయినా నేను రైఫిల్‌ను ఇంట్ల గోడకు బిగించిన ఇనుప బీరువల పెట్టి, ఇంట్ల మనిషిని ఉంచే పోత.

చెకింగ్ కాడ ఎట్ల ఉండాలె అన్నది కూడ మన పోరగాండ్లకు తెల్వదు. పోలీసాయన డిక్కీ తెరువు అంటే తెరిచినంక సార్ అందుల గన్ ఉన్నది అని చెప్పొద్దు, తెరవక ముందే చెప్పాలె. బండి బంద్ చెయ్యాలె, చేతులు స్టీరింగ్ మీద పెట్టాలె, సార్ నా దగ్గర లైసెన్స్ రైఫిల్ ఉన్నది, ఖాళీగ ఉన్నది, బుక్కు నా జేబుల ఉన్నది అనాలె. బుక్కును తుపాకి కవర్లనే పెట్టేటోళ్ళు ఉన్నరు, అప్పుడు బుక్కు చూపెట్టాలంటే తుపాకి మీద చెయ్యి వెయ్యాలె, ఎదుటాయన గుండె ఆగదా? నన్ను ఒకసారి రాత్రి పదిన్నరకు ఆపిన్రు, ఇట్లనే చెప్పిన, ఎస్సై నంబర్ చూసి బుక్కుల నంబర్‌తోని కలిపి చూసుకొని జాగ్రత్తగ పో కాక అన్నడు, అయిదు నిమిషాలు కూడ పట్టలే.

మా పెద్దోడు అమెరికాల డల్లాస్‌ల ఉంటడు. డాడీ ఇక్కడ పికప్ బండ్ల వెనుక అద్దానికి స్టాండు బిగించి రైఫిల్ తగిలిస్తరు, మన కారుకు కూడ అట్ల చేయించు అని నవ్వుతడు. అరేయ్ అది వాళ్ళ రాజ్యం, వాళ్ళ చట్టం. అక్కడ కూడ ఒక రాష్ట్రంకెల్లి ఇంకో రాష్ట్రానికి పోయేటోళ్ళ కోసం 1986ల చేసిన కేంద్ర చట్టం ఒకటి ఉన్నది, లోడు ఉండొద్దు, కూసున్న కాడికెల్లి చెయ్యి అందొద్దు, డిక్కీ వేరుగ లేని బండైతే తాళం వేసిన పెట్టెల ఉండాలె, డాష్‌బోర్డు అరకు తాళం వేస్తే ఆ లెక్కకు రాదు అని. అంత ఉన్నా అద్దాలు పగులగొట్టి కార్లల్లకెల్లి తుపాకులు ఎత్తుకపోవుడు అక్కడ పెద్ద రోగం. ఆ డిక్కీ వేరుగ ఉండుడు అన్న ముక్క మనకు కూడ పనికొస్తది. నాది వ్యాగనార్, వెనుక సీటు మీదికెల్లి చెయ్యి సాపితే డిక్కీ అందుతది, మనుమలు వెనుక కూసుంటే నాకు రోడ్డు మీద చూపు నిలవది. నా ఆర్మీ ట్రంకు పెట్టెల పెడ్దామని చూసిన, పొడుగు చాలలే. ఇగ వెల్డింగ్ షాపుల పొడుగు ఇనుప పెట్టె చేయించి సీటు కింది బోల్టులకు గొలుసు వేసి తాళం పెట్టిచ్చిన. ఇది దారిల పోయేటప్పటి మందం మాత్రమే. పెట్టె ఉన్నది కదా అని రాత్రంత కారుల పెట్టి పండుకునుడు కాదు.

వస్తువుకు కూడ మంచిది కాదు అది. మే నెలల మా దగ్గర ఎండ ఎట్ల కొడ్తదో, అద్దాలు మూసిన కారుల చెయ్యి పెడ్తే కాలుతది, తుపాకి కట్టె వంకర పోతది, నూనె అంత కారి దిగుతది, తూటాలు ఆ వేడికి పాడైతయ్. వానాకాలం ఇంక ఘోరం, స్పాంజి కవర్ చెమ్మ పీల్చుకుంటది, నాలుగు రోజులు మర్చిపోతే గొట్టానికి ఎర్రగ తుప్పు.

ఇగ నేను అడగాలనుకున్నది. 2023 నవంబర్ల అసెంబ్లీ ఎలక్షన్, 2024 మేల పార్లమెంటు ఎలక్షన్, కోడ్ రాంగనే రైఫిల్ తెచ్చి అప్పజెప్పు అన్నరు, అప్పజెప్పిన. రిజిస్టర్ల రాసుకొని రసీదు ఇచ్చి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌ల, అంటే పోలీసోళ్ళు ఆయుధాలు పెట్టే గదిల, పెట్టిన్రు, కోడ్ ఎత్తేసినంక రసీదు చూపెట్టి తెచ్చుకున్న, ఒక్క గీత పడలే. వారాలకు వారాలు పెట్టుకునే జాగ ఉన్నప్పుడు మూడు గంటలు ఎందుకు పెట్టుకోరు? హాస్పిటల్ పని పడ్డోడు, కోర్టు వాయిదా ఉన్నోడు, కలెక్టర్ ఆఫీసుకు పోయేటోడు, ఇట్లాంటి కాడికి తుపాకితోని లోపలికి రానియ్యరు, రానియ్యొద్దు కూడ. అట్లాంటప్పుడు దగ్గర్ల ఉన్న ఠాణాల లైసెన్స్ బుక్కు చూపెట్టి, టోకెన్ తీస్కొని, పని అయినంక తీస్కపోయేటట్టు ఒక పద్ధతి పెట్టాలె. ఫీజు పెట్టినా ఇస్తం. హైవే మీద ఉన్న ఠాణాలల్ల మొదలు పెట్టినా చాలు, నర్సంపేట, ములుగు, పరకాల, జనగామ, ఇట్ల. ఇంకోటి, నా బుక్కుల కండిషన్లు అన్ని ఇంగ్లీషులనే ఉన్నయ్, రెన్యూవల్ టైముల తెలుగుల అర పేజీ కాగితం ఒకటి చేతుల పెట్టినా సగం తప్పులు ఆగుతయ్.

హాస్పిటల్ సంగతి జరిగిన వారానికి నేను మా దగ్గర్లున్న ఒక ఠాణాకు పోయి అడిగిన. అక్కడ రాతపని చూసే రైటర్ మంచోడే, కుర్చీ వేసి కూసోబెట్టిండు, అంత విన్నడు, చాయ్ కూడ తెప్పిచ్చిండు. ఆఖర్ల ఏమన్నడంటే, ఆర్డర్ లేనిది నేను రిజిస్టర్ల ఏ కాలమ్‌ల రాయాలె కాక, ఎలక్షన్ వచ్చినప్పుడు తీస్కరా అన్నడు. ఆయనకు ఆ కాలమ్ ఏదో చెప్పే ఆర్డర్ పైకెల్లి రావాలె. ఆ పైన ఉన్నోళ్ళు మీ పేపర్ చదువుతరని ఈ ఉత్తరం.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
హనుమకొండ.