వడ్లూరు అల్లుడుగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అమెరికా ఉపాధ్యక్షులు జె.డి. వాన్స్ గారికి,

నమస్కారం. మాది తణుకు. మీ భార్య ఉష గారి పూర్వీకుల ఊరు వడ్లూరు మాకు పక్కనే. 2024 నవంబరులో మీరు గెలిచారని తెలిసినప్పుడు వడ్లూరులో గుడిలో పూజలు చేశారు, టపాసులు కాల్చారు. 'మన ఊరి అల్లుడు' అని అందరి నోటా అదే మాట. అల్లుడంటే మా వైపు ఎంత మర్యాదో ఉష గారికి తెలిసే ఉంటుంది. వయసులో ఎంత చిన్నవాడైనా 'అండీ' అనే పిలుస్తాం. ఏదైనా మనసు నొచ్చుకుంటే ఎదురుగా అనం, కూతురి చేత చెప్పిస్తాం. నేను ఆ పద్ధతి తప్పి నేరుగా మీకే రాస్తున్నాను, అదీ నలుగురి ముందూ. 31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే నాకు ఈ భాషే కావాలి. చదివి అర్థం చెప్పేవాళ్లు మీ బంధువుల్లోనే ఉన్నారు.

మా అబ్బాయి కుటుంబం ఉండేది మీ రాష్ట్రంలోనే, ఒహాయోలో, కొలంబస్ దగ్గర. 2015లో మనవరాలు పుట్టినప్పుడు మొదటిసారి వెళ్లాను. పక్కింట్లో ఒక తెల్ల ముసలావిడ ఉండేది. అరటిపండ్లతో చేసిన కేకు పట్టుకొచ్చి, నా చీర అంచు వేళ్లతో తడిమి, ఇది కుట్టినదా, ఒకే గుడ్డా అని అడిగింది. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆవిడకి తెలుగు అసలు రాదు. అయినా ఆరు నెలలు సాయంత్రాలు కలిసే నడిచాం.

మళ్లీ 2025 వేసవిలో వెళ్లాను. అదే కాలనీ, అదే వాకింగ్ దారి. పక్కన పదేళ్ల మనవరాలు. ఒక పికప్ ట్రక్కు మా దగ్గరికొచ్చి స్లో అయింది. లోపల ఇద్దరు కుర్రాళ్లు. 'గో బ్యాక్' అన్నది నాకు అర్థమైంది. తర్వాత ఇంకేదో అని, ముక్కు మూసుకుని చూపించి, నవ్వుకుంటూ వెళ్లిపోయారు. 'ఏమన్నారే?' అని అడిగాను. 'ఏం లేదు నానమ్మా' అంది. దానికి ప్రతి మాటా అర్థమైంది. నాకు తెలియకూడదని దాచింది. ఆ రాత్రి వాళ్ల నాన్నని అడగడం విన్నాను: 'వెనక్కి వెళ్లమంటే ఎక్కడికి? నేను ఇక్కడే కదా పుట్టాను?'

మీరు మిడిల్‌టౌన్‌లో పుట్టారు, అది కొలంబస్‌లో పుట్టింది. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం.

మర్నాటి నుంచి మా అబ్బాయికి ఒకటే టెన్షన్. 'షాపుల్లో ఫోన్లో తెలుగులో గట్టిగా మాట్లాడకమ్మా, వాకింగ్‌కి చీర వద్దు' అన్నాడు. నేను కోప్పడలేదు. వాడి భయం ఎక్కడిదో నాకు తెలుసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీరుని 'నా దేశం నుంచి వెళ్లిపో' అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ అబ్బాయికి 32 ఏళ్లు. పక్కనున్న అతని స్నేహితుడూ గాయపడ్డాడు. అడ్డుకోబోయిన 24 ఏళ్ల తెల్ల కుర్రాడు కూడా తూటా తిన్నాడు. హూస్టన్‌లోని భారతీయులు ఇల్లు కొనుక్కోమని ఆ కుర్రాడికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. చనిపోయిన అబ్బాయి భార్య ఆ రోజుల్లో ఒకే ప్రశ్న అడిగింది: మేం ఇక్కడివాళ్లమేనా అని. అప్పుడే అక్కడి ఒక తెలుగు సంఘం, బయట నలుగురిలో ఉన్నప్పుడు మాతృభాషలో కాకుండా ఇంగ్లీషులో మాట్లాడుకోగలరేమో ఆలోచించండని మనవాళ్లకి సూచించింది. జీవితమంతా తెలుగు చెప్పినదాన్ని, ఆ వార్త చదివిన రోజు అన్నం సహించలేదు.

వాన్స్ గారూ, ద్వేషం అమెరికాలో కొత్తగా పుట్టిందని నేననడం లేదు. 1907లోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను కొట్టి ఊరి నుంచి తరిమేశారు. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో, భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని మీ సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. 1965లో వలస చట్టం మారాకే మనవాళ్లకి తలుపులు తెరుచుకున్నాయి. మీ అత్తమామలు శాన్ డియాగోలో స్థిరపడటానికీ, మా అబ్బాయి కొలంబస్ చేరడానికీ దారి ఆ చట్టమే. అయితే ఆ తర్వాత చాలా ఏళ్లు ఇలాంటి మాటలు అన్నవాడు పేరు దాచుకునేవాడు, దొరికితే తల దించుకునేవాడు. ఇప్పుడు ఆ సిగ్గు పోయింది. నా భయమంతా దాని గురించే.

ఫ్లోరిడాలోని పామ్ బేలో ఓట్లతో గెలిచిన ఒక కౌన్సిల్ సభ్యుడు భారతీయులందరినీ పంపించేయాలని తన పేరుతోనే రాశాడు. ఆ నగర కౌన్సిల్ 2025 అక్టోబరులో అతన్ని అభిశంసించింది. టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో, మా చినజీయర్ స్వామి వారి చేతుల మీదుగా 2024 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగిన 90 అడుగుల హనుమంతుడి విగ్రహాన్ని చూపించి, అబద్ధపు దేవుడికి మా రాష్ట్రంలో చోటెందుకని అప్పట్లో మీ రిపబ్లికన్ పార్టీ నుంచి సెనేట్‌కు పోటీకి దిగిన మనిషి బాహాటంగా అడిగాడు. అది అష్టలక్ష్మి గుడి ఆవరణలో, భక్తులు తమ డబ్బుతో కట్టుకున్న విగ్రహం.

ఇక 2025 ఫిబ్రవరి సంగతి మీకే బాగా తెలుసు. ప్రభుత్వంలో పనిచేస్తున్న 25 ఏళ్ల యువకుడు అంతకుముందు పేరు లేని ఖాతాలో రాసిన రాతలు బయటపడ్డాయి. భారతీయుల మీద ద్వేషాన్ని మామూలు విషయం చేయండి అన్నది ఒకటి. ఎంత డబ్బిచ్చినా నా జాతి బయట పెళ్లి చేసుకోను అన్నది ఇంకొకటి. అతను రాజీనామా చేస్తే, కొన్ని రాతలతో ఏకీభవించనంటూనే, తెలివితక్కువ పోస్టుల వల్ల ఒక కుర్రాడి జీవితం పాడవకూడదని మీరు అన్నారు. అతను మళ్లీ ఉద్యోగంలో చేరాడు. అక్టోబరులో మీ పార్టీ యువనాయకుల గ్రూపు చాట్ బయటికొచ్చింది. హిట్లర్‌ని మెచ్చుకోవడం, గ్యాస్ ఛాంబర్ల మీద జోకులు, నల్లవాళ్ల మీద తిట్లు, ఒక భారతీయ మహిళ స్నానం చేయదని వెకిలి మాట. అప్పుడూ మీరు, పిల్లలు తెలివితక్కువ పనులు చేస్తారు, ముఖ్యంగా మగపిల్లలు, అన్నారు.

31 ఏళ్లు మగపిల్లలకి పాఠాలు చెప్పాను. పిల్లలంటే ఎవరో నాకు తెలుసు. ఎనిమిదో తరగతి కుర్రాడు తోటివాడి రంగుని వెక్కిరిస్తే దగ్గర కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని, వాళ్ల అమ్మని పిలిపించేదాన్ని. వాడి జీవితమేం పాడవలేదు, బాగుపడింది. ఆ చాట్‌లో ఉన్నవాళ్లు ఇరవైలు, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు. ఒకాయన వెర్మాంట్ రాష్ట్ర సెనేటర్. ఆయన రాజీనామా చేయాలని అడిగిన గవర్నర్ ఫిల్ స్కాట్ మీ పార్టీవారే, ఆ సెనేటర్ తప్పుకున్నారు కూడా. స్కాట్ గారు చేయగలిగినది మీరెందుకు చేయలేకపోయారో నాకు అర్థం కావడం లేదు. మీరు కుర్రాళ్లని వెనకేసుకొచ్చిన రోజు, ఆ పికప్ ట్రక్కులో నవ్విన ఇద్దరూ ఎక్కడో ఆ మాట వినే ఉంటారని నాకు అనిపిస్తుంది.

మీకు కోపం రాదని అనను. ఉష గారిని తిట్టిన మనిషికి 2025 డిసెంబరులో మీరు చాలా ఘాటుగా జవాబిచ్చారు. ఇక్కడ మేమంతా సంతోషించాం. అవతలి పక్షం వాళ్లు ఆవిడ కాపురం మీద హాస్యమాడినప్పుడూ నాకు బాధ కలిగింది. కానీ 2024 సెప్టెంబరులో కమలా హారిస్ గెలిస్తే వైట్‌హౌస్ కూర వాసన కొడుతుందని మీ పక్షం మనిషి ఒకరు అన్నప్పుడు, నేను కోడికూర బాగా వండుతానని చెప్పి మీరు ఆ మాటని తేలిగ్గా తీసుకున్నారు. కమల గారి తల్లిది చెన్నై. అవమానం ఒకటే, వాసన మాటా ఒకటే, మా ఇళ్లలో పోపు వేసిన వాసన. అన్నది ఎవరు, పడ్డది ఏ పార్టీ మనిషి అని చూసి గాయాన్ని కొలుస్తున్నారు. దేశం రెండుగా చీలినప్పుడు మొదట పోయేది ఈ కొలతే. మీరొక్కరే కాదు, రెండు వైపులా అంతే, మా తెలుగువాళ్లూ అంతే.

అవును, మా సంగతీ చెప్పాలి. అదే సెప్టెంబరులో, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, హైతీ దేశం నుంచి వచ్చినవాళ్లు జనం పెంపుడు కుక్కల్ని, పిల్లుల్ని తినేస్తున్నారని మీరు ప్రచారం చేశారు. ఆధారమేదీ లేదని ఆ ఊరి అధికారులు చెప్పారు. జనం కష్టాలు మీడియా పట్టించుకోవాలంటే కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని మీరే టీవీలో అన్నారు. ఆ ఊరికి ముప్ఫైకి పైగా బాంబు బెదిరింపులొచ్చాయి, బడులు ఖాళీ చేయించారు. అంతకుముందు ఏడాది స్కూలు బస్సు ప్రమాదంలో 11 ఏళ్ల కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి, ఆ ప్రమాదానికి కారణమైన డ్రైవరు హైతీ మనిషే అయినా, నా బిడ్డ పేరు చెప్పి ద్వేషం రేపకండని మైకు ముందు ప్రాధేయపడ్డాడు. ఆయన పేరు పెట్టి అడిగిన నాయకుల్లో మీరూ ఉన్నారు.

స్ప్రింగ్‌ఫీల్డ్ మా అబ్బాయి ఇంటి నుంచి గంట దూరం కూడా ఉండదు. అయినా మా వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడు ఏం నడిచిందో తెలుసా? పిల్లుల జోకులు. 'మనం వీసాతో పద్ధతిగా వెళ్లినవాళ్లం, మనకేంటి' అన్న మాటలు. ఆ హైతీ వాళ్లలో ఎక్కువమంది కూడా చట్టబద్ధంగానే అక్కడున్నారని ఎవరూ కనుక్కోలేదు. నేనూ ఆ జోకుల్ని చూసి ఊరుకున్నాను. నాలుగు నెలలు తిరక్కుండానే, డిసెంబరులో, చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్ గారికి ప్రభుత్వంలో సలహాదారు పదవి ఇవ్వగానే తిట్లు తినే వంతు మనకి వచ్చింది. మా హైదరాబాద్‌లో ఆఫ్రికా నుంచి వచ్చి చదువుకునే పిల్లలకి ఇల్లు అద్దెకివ్వడానికి మనవాళ్లు ఎన్ని సాకులు చెబుతారో కూడా నాకు తెలుసు. అందుకే ఇది మచ్చలేనివాళ్లు మీకు చెప్పే నీతి అనుకోకండి. ఊరుకుంటే ఏమవుతుందో చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. వీసాలు ఎన్నివ్వాలి, ఫీజెంత పెట్టాలి అన్నది మీ దేశం ఇష్టం. హెచ్1బికి లక్ష డాలర్లన్నప్పుడు ఇక్కడ చాలా ఇళ్లలో ఏడ్చారు, కానీ దాన్ని నేను జాతిద్వేషం అనను. ఉద్యోగం పోయిన అమెరికా వాడి బాధ కూడా బాధే. మీ తాతగారూ అమ్మమ్మగారూ కెంటకీ కొండల్లోంచి బతుకుతెరువు కోసం మిడిల్‌టౌన్‌కి వచ్చినవాళ్లు, తాతగారు స్టీలు మిల్లులో పని చూసుకున్నారు. వాళ్ల యాసని, వాళ్ల తీరుని ఒహాయోలో ఎంత చిన్నచూపు చూశారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2024లో మిల్వాకీ సభలో మీరు తూర్పు కెంటకీలోని మీ వాళ్ల శ్మశానం గురించి చెప్పారు. ఉష గారిని పెళ్లికి అడిగినప్పుడు, నా దగ్గరున్నది లక్షా ఇరవై వేల డాలర్ల చదువు అప్పు, ఆ కొండ మీద సమాధికి కాస్త చోటు, అని చెప్పానన్నారు. ఆ మాట విని నా కళ్లు చెమర్చాయి. మట్టి మీద అలాంటి మమకారం మాకూ తెలుసు. అదే ప్రసంగంలో మీ అత్తమామలు దేశానికెంతో ఇచ్చారని మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి, మీ అంతర్యుద్ధంలో పోరాడినవాళ్ల వారసులకి, 'మీరిక్కడివాళ్లు కారు' అని వాళ్లని అనేవాళ్ల కంటే అమెరికా మీద చాలా ఎక్కువ హక్కు ఉందన్నారు. హక్కుని పూర్వీకులతో కొలిస్తే మా మనవరాలికి ఎంత వస్తుంది? మీ అత్తమామలకి ఎంత? మీ పిల్లల పూర్వీకుల్లో సగం మంది మా గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లే కదా.

తెల్లవాళ్లుగా పుట్టినందుకు ఇక క్షమాపణ చెప్పక్కర్లేదని 2025 డిసెంబరులో ఒక సభలో అన్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. పుట్టుకకి ఎవరూ క్షమాపణ చెప్పక్కర్లేదు. అదే సభలో, అదే మైకులో, ఆ పక్క వాక్యంగా హైతీ వాళ్లకీ, చీర కట్టుకుని నడిచే ముసలావిడకీ కూడా అది వర్తిస్తుందని ఎందుకు అనలేదు? నేను అడిగేది అదే. ఉష గారి పేరు ఎత్తకుండా, మీ ఇంటి మీద మాట పడే దాకా ఆగకుండా, మీ పార్టీ కుర్రాళ్లు నిండిన హాల్లో నిలబడి, ఇలా మాట్లాడేవాళ్లకి నా పక్కన చోటు లేదని ఒక్కసారి చెప్పండి. మేం చెబితే వాళ్లు నవ్వుతారు. మీరు చెబితే వింటారు. స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లి, ఆ కథ తప్పని అక్కడి బడిపిల్లల ముందు కూడా చెప్పండి.

2025 ఏప్రిల్‌లో పిల్లల్ని తీసుకుని ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసి వెళ్లారు. మన బట్టల్లో విమానం దిగిన మీ పిల్లల్ని టీవీలో చూసి ముచ్చటపడ్డాం. ఇంకోసారి వస్తే ఇటు గోదావరి వైపు రండి. మా మనవరాలు వేసవి సెలవులకి ఇక్కడికే వస్తుంది. ఆ ట్రక్కులోవాళ్లు ఏమన్నారో నాకు ఇంతవరకూ చెప్పలేదు.

ఇట్లు,
తణుకు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు టీచర్