లావు తీగ అడగకండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా చిన్న ఎలక్ట్రికల్ దుకాణం నడుపుతున్నాను. ఇళ్లకు వైరింగు కూడా చేస్తాను. "ఫ్యూజు ఊరికే పోతోంది, కాస్త లావు తీగ ఇవ్వండి" అని వారానికి ఒక్కరైనా వచ్చి అడుగుతారు. ఆ మాట వింటే నాకు గుండె జారుతుంది.

మొన్న జనవరిలో ఒక పాత డాబా ఇంటి నుంచి, గోడలోంచి కాలిన వాసన వస్తోందని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే ఒకే లైను మీద గీజరు, ఇస్త్రీ పెట్టె, మిక్సీ ఉన్నాయి. గీజరు 2000 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, మిక్సీ 750. మూడూ కలిసి నడిస్తే 16 ఆంపియర్లు దాటుతుంది. గోడలో ఉన్నదేమో 1 చదరపు మిల్లీమీటరు తీగ. పైపులో బిగించిన ఆ తీగ 11, 12 ఆంపియర్లకు మించి మోయలేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు పాపం రోజూ పొద్దున్నే కరిగి ఆ సంగతే చెబుతోంది. విసిగిపోయి, పాత వైరులోని రాగిపోగులు నాలుగు పురిపెట్టి బిగించారు. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. నేను పింగాణీ ఫ్యూజు ఊడదీసి చూస్తే పోగులు మెరుస్తూ ఉన్నాయి. గోడలో తీగ మీది తొడుగు మాత్రం కరిగి ముద్దయింది. ఆ గోడకు అవతల పిల్లల మంచం.

ఫ్యూజు ముందుగా కాపాడేది గీజరును కాదు, గోడలోని తీగను. కాబట్టి ఫ్యూజు మన వాడకానికి సరిపోవాలి, తీగ మోయగలిగిన దాన్ని మాత్రం మించకూడదు. రెండూ కుదరకపోతే మార్చవలసింది గోడలోని తీగనే. ఆ ఇంట్లో గీజరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడిగా లైను లాగి, 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

పోయిన ఫ్యూజును పారేసే ముందు దయచేసి ఒకసారి పరిశీలించండి. తీగ మధ్యలో కరిగి తెగితే లోడు ఎక్కువైనట్టు. తీగ ఆనవాలే లేకుండా పోయి పింగాణీ మసిబారితే ఎక్కడో ఫేజు, న్యూట్రలు (కరెంటు వచ్చే తీగ, తిరిగి వెళ్లే తీగ) నేరుగా కలిశాయి. ఆ చోటు దొరికేదాకా కొత్త తీగ వేయకండి. స్క్రూ దగ్గరే తెగితే స్క్రూ వదులై వేడెక్కి ఉంటుంది, లేదా బిగించేటప్పుడు తీగ నలిగి ఉంటుంది. ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను. లోడు తక్కువే, స్క్రూ బిగిస్తే సరిపోతుంది. దానికీ లావు తీగే వేస్తారు!

ఫ్యూజుకు బదులు ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు, ఉన్న ఇళ్లలోనూ ఇదే తంతు. మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టమంటారు. గోడలోని తీగ మాత్రం పాతదే.

తోటి దుకాణదారులకు ఒక మనవి. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ మందం 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లది 0.5. కంటి అంచనాతో తుంచి ఇవ్వకండి. ఆ లైను మీద ఏమేమి నడుస్తాయో, గోడలో ఏ తీగ ఉందో అడగండి. తెలియదంటే ఇంటికి వెళ్లి చూడండి. నేను ఇప్పుడు ఆంపియర్లు రాసిన చీటీ చుట్టకుండా ఎవరికీ తీగ ఇవ్వడం లేదు.

– ఒక ఎలక్ట్రికల్ దుకాణదారు, తెనాలి